నువ్వుగింజంత తెల్లచుక్క

ఆ హైస్కూల్లో కొత్తగా చేరిన పిల్లలకి మొదటి వారంలోనే పై తరగతివాళ్ళు చెవిలో వేసే మాట ఒకటుంది. "డ్రాయింగు గదికి వెళ్ళేటప్పుడు రబ్బరు ఎక్కడైనా దాచుకో. లేకపోతే రబ్బరు టీచర్ లాగేసుకుంటుంది." దాచుకున్నా లాభం ఉండేది కాదు. ఆవిడ గుమ్మంలో అడ్డంగా నిలబడి, మూత సొట్టపోయిన బిస్కెట్ల డబ్బా ముందుకు చాపి, "వెయ్యి నాయనా" అనేది. జేబులో ఉన్నదీ, సాక్సులో దూర్చినదీ, నోట్లో పెట్టుకుని పెదవులు బిగించినదీ, అన్నీ ఆవిడకి కనిపించేవి. పెన్సిలు తోకకి అంటుకుని ఉన్న రబ్బరునైతే బ్లేడుతో కోసి మరీ డబ్బాలో వేయించేది.

ఊరికే లాక్కోవడం కాదు. ప్రతి రబ్బరు మీదా దాని సొంతదారు చేత ఏదో ఒక గుర్తు పెట్టించేది. "ఇది నీదే. ఎక్కడికీ పోదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వచ్చి అడుగు, మారు మాట్లాడకుండా ఇచ్చేస్తాను. కాకపోతే అడగడమంటే నా చెయ్యి మీద నాకు నమ్మకం లేదని చెప్పడమే. అది గుర్తుపెట్టుకుని అడుగు" అనేది. ఇన్నేళ్ళలో అడిగినవాళ్ళు లేరు. కొత్త రబ్బరు కొనుక్కోవడం అంతకంటే తేలిక కాబట్టి ఎవరూ అడగలేదని లెక్కల మాస్టారు అనేవారు. ఆయన ఏదైనా అంటారు. డ్రాయింగు పీరియడంటే ఎవరు పడితే వాళ్ళు వచ్చి పిల్లల్ని తమ క్లాసుకి తోలుకుపోవచ్చనుకునే మనిషి ఆయన.

రెండో నియమం ఇంకా గట్టిది. ఒకరి బొమ్మ మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు, టీచరు చెయ్యి కూడా. ఏ పిల్లాడైనా కాగితం పట్టుకొచ్చి, "టీచర్, ఈ ముక్కు కొంచెం సరిచెయ్యండి" అంటే ఆవిడ రెండు చేతులూ వెనక్కి కట్టుకునేది. "నా చేతులు కట్టేసి ఉన్నాయి, కనపడటం లేదూ? నీ ముక్కు నువ్వే చూసుకో." అలా కట్టుకోవడం అలవాటై, చివరికి వీధిలోనూ, కూరగాయల బండి దగ్గరా కూడా చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడేది. తనిఖీకొచ్చిన పెద్దమనిషిలా ఉంటావని భర్త ఎగతాళి చేసేవాడు.

ఈ నియమానికి వెనకాల ఒక కథ ఉంది. అది ఆవిడకీ, ఇంకొక్క మనిషికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ తండ్రి బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, షట్టర్ల మీద మొహాలు, సినిమా హాలు ముందు ఆకాశమంత బొమ్మలు, అన్నీ ఆయన చేతిమీదుగా పోయేవి. ఇంటి ముందుగదే షాపు. పుట్టినప్పటినుంచీ టర్పెంటైన్ వాసన పీలుస్తూ పెరిగిన పిల్ల. హైస్కూలు చదువుకునేటప్పుడు బొమ్మల పోటీకి తల్లి కుట్టుమిషను మీద కూర్చున్న బొమ్మ గీసింది. తల్లి వేళ్ళు వంకర. సూది దిగి దిగి మొద్దుబారి, కణుపుల దగ్గర ఉబ్బిన వేళ్ళు. ఎలా ఉన్నాయో అలాగే గీసింది. అప్పటి డ్రాయింగు మాస్టారు అది చూసి, "అయ్యో, వేళ్ళు చెడగొట్టావే" అని పెన్సిలు లాక్కుని, మాట పూర్తయ్యేలోపే సన్నటి, సొగసైన వేళ్ళు పెట్టేశాడు. బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది. స్టేజి మీద కప్పు అందుకుంటూ ఆ పిల్ల చప్పట్లు విన్నది. ఆ చప్పట్లు తనవి కావు. బొమ్మలో ఉన్నది అమ్మ కాదు. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. తల్లి ఆ కప్పుని తోమి తోమి అలమారలో పెట్టింది. ఇప్పటికీ అది అక్కడే ఉంది, ఆవిడ ఇప్పటికీ అటు చూడదు.

ఆ సాయంత్రం ఏడుస్తూ ఆ సంగతి ఒక్కడికే చెప్పింది. తమ్ముడికి. వాడప్పటికి ఇంకా ఆరేళ్ళవాడు. అక్క కొంగు నోట్లో పెట్టుకుని నములుతూ అంతా విని, "నేనెవరికీ చెప్పనక్కా, నీ బొమ్మ ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాస్తా" అన్నాడు. చిన్నపిల్లాడి మాటే. అయినా ఆవిడ దాన్ని మనసులో మూటకట్టుకుంది.

తమ్ముడంటే ఆవిడకి ప్రాణం. వాడికి బ్రష్షు పట్టుకోవడం నేర్పింది ఆవిడే. తండ్రికి ఒక కిటుకు ఉండేది. మొహం అంతా వేశాక, చిట్టచివర కంట్లో ఒక తెల్లచుక్క పెట్టేవాడు. గుండ్రటి చుక్క కాదు, నువ్వుగింజంత, కొంచెం ఏటవాలుగా, నల్లగుడ్డుకి ఎడమ పైభాగాన. "దీనితో బొమ్మకి ప్రాణం వస్తుంది" అనేవాడు. ఆ చుక్క తండ్రి కూతురికి నేర్పితే, కూతురు తమ్ముడి పిడికిలి తన పిడికిట్లో పట్టుకుని వాడికి నేర్పింది. తర్వాత తండ్రికి చూపు మందగించింది, షాపు తమ్ముడికి వచ్చింది. ఆపైన ఫ్లెక్సీలు వచ్చి ఆ షాపు నోరు కొట్టేశాయి. బంగారంలాంటి చెయ్యి ఉన్నవాడు బళ్ళ నంబర్లూ, "ఇక్కడ వాహనములు నిలపరాదు" అనే అక్షరాలూ రాసుకుంటూ కూర్చున్నాడు.

సరే, బడి సంగతికి వద్దాం.

ఆ ఏడు ఆవిడకి చివరి సెక్షను ఇచ్చారు. పిల్లల్ని మార్కుల ప్రకారం జల్లెడ పట్టి, పనికిరారని పక్కన పోసిన పిల్లలు వాళ్ళు. వాళ్ళకి ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు, నడకలోనే తెలుస్తుంది. వరండాలో గోడవారగా నడిచేవారు, ఎదురుగా ఎవరొచ్చినా తప్పుకునేవారు. మొదటి రోజు కాగితాలు పంచి ఏదైనా గీయమంటే, గది గదంతా కాగితాల మీద మోచేతులు వేసుకుని కూర్చుంది.

"మాకు రాదు టీచర్" అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. ఎత్తూ లావూ చూసి వాణ్ణి అందరూ లారీ అనేవారు.

"రాదని నాకూ తెలుసురా. వచ్చినవాళ్ళకి నాతో ఏం పని?" అంది ఆవిడ.

లారీ కొంచెం నవ్వాడు. పక్క పిల్ల నవ్వలేదు. ఆ పిల్ల అసలు తల ఎత్తలేదు. ఎడమ కన్ను మెల్ల. ఎదుటివాళ్ళు మొహం చూసేలోపే తల దించేసుకోవడం ఎంత బాగా అలవాటైందంటే, క్లాసులో ఆ పిల్ల పేరే నేలచూపు అయిపోయింది. పిలిచేవాళ్ళకి తప్పనిపించేది కాదు, పలికే పిల్లకీ తప్పనిపించేది కాదు. వింటున్న టీచరమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. అయినా తిట్టలేదు. ఒకరోజు చేతులు వెనక్కి కట్టుకుని ఆ బెంచీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈ బడిలో నేల మీద ఏమేం ఉంటాయో నీకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. అవే గీయి. నేనూ చూస్తాను, నాకు నేల సంగతి తెలీదు."

వారం రోజులు ఆ పిల్ల ఏమీ గీయలేదు. ఆ తర్వాత ఒకనాడు ఒక చెప్పు గీసింది. తెగిన చెప్పు, పిన్నీసు పెట్టిన చెప్పు. మర్నాడు గచ్చులో పగుళ్ళూ, విరిగిన సుద్దముక్కా. ఆ తర్వాత కాళ్ళు. బెంచీల కింద ఉండే కాళ్ళన్నీ వరసపెట్టి గీసింది. ఒకడి బొటనవేలు పైకి లేచి ఉంటుంది, ఒకతి మడమ మీద మడమ వేసుకుంటుంది. ఆ కాగితం చేతులు మారి గది అంతా తిరిగింది. "ఒరేయ్, ఇది లారీగాడి కాలురా!" అని ఒకడు అరిచాడు. "ఇవి నావి, నావి!" అని ఇంకో పిల్ల. అందరూ ఒక్కసారి బెంచీల కిందికి వంగి ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు. తనని చూసి కాకుండా, తను గీసింది చూసి నలుగురు నవ్వడం ఆ పిల్లకి అదే మొదటిసారి. మొహం దించుకునే ఉంది, కాని చెవులు ఎర్రబడ్డాయి.

కాళ్ళ నుంచి మోకాళ్ళకి, మోకాళ్ళ నుంచి చేతులకి, చేతుల నుంచి భుజాలకి ఎక్కడానికి దాదాపు ఏడాదంతా పట్టింది. బొమ్మలో పైకి వెళ్ళాలంటే చూపు కూడా పైకి వెళ్ళక తప్పదు కదా. ఒక రోజు ఆ పిల్ల లారీ మొహంలోకి సూటిగా చూస్తూ, "కదలకురా, చెవి పాడవుతుంది" అని కసిరింది. లారీ బిక్కమొహం వేసుకుని కదలకుండా కూర్చున్నాడు. టీచరమ్మ కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. రంగు పడిందని చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

అప్పుడే గోడ సంగతి వచ్చింది. ఆఫీసు గది పక్కనున్న పొడుగాటి వరండా గోడ మీద ఈ సెక్షను పిల్లలు ఎవరి మొహం వాళ్ళు వేసుకోవాలని ఆవిడ కోరిక. హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి అడిగింది. ఇద్దరూ ఒకేసారి ఉద్యోగంలో చేరినవాళ్ళు, అప్పటినుంచీ ఒకే బల్ల మీద క్యారేజీలు విప్పుకున్నవాళ్ళు.

"నువ్వడిగితే కాదంటానా? గోడ నీది, నీ పిల్లలది. నేను వేలు కూడా పెట్టను" అంది హెడ్మిస్ట్రెస్.

"వేలు కాదు, బ్రష్షు పెట్టకూడదు. ఎవరూ పెట్టకూడదు. పిల్లలకి మాటిచ్చాను."

"సరేనమ్మా తల్లీ, సరే."

పిల్లలకి నిజంగానే మాటిచ్చింది. గోడ ముందు అందర్నీ నిలబెట్టి, "బాగుందో బాగాలేదో నాకనవసరం. ఇక్కడ మీరు వేసింది మీరు వేసినట్టే ఉంటుంది. దానికి నాది పూచీ" అంది. మొహాలు వంకర్లు పోతాయేమోనని వాళ్ళు భయపడ్డారు. పోయాయి కూడా. లారీ తన చెవులు చేటలంత వేసి, విరిగిన పన్ను విరిగినట్టే వేశాడు. నేలచూపు మాత్రం అందరికంటే చివర మొదలుపెట్టింది. స్టూలెక్కి, బ్రష్షు నల్లరంగులో ముంచి, చాలాసేపు నిలబడింది.

"టీచర్, ఈ కన్ను ఎలా వెయ్యను?"

"నీ కన్ను నన్నడుగుతావేం?" అంది ఆవిడ.

ఆ పిల్ల వేసింది. నల్లగుడ్డు ఓ మూలకి జరిగిపోయి, తెల్లటి చోటంతా బోసిగా మిగిలిన కన్ను. ఉన్నది ఉన్నట్టు. దిగి, వెనక్కి నడిచి, గోడని చూసి, తర్వాత తిరిగి టీచరు మొహంలోకి సూటిగా చూసింది. "నేనే, టీచర్" అంది. అంతే. ఆ రెండు ముక్కలతో ఆవిడకి ఇన్నేళ్ళు ఉద్యోగం చేసినందుకు ఫలితం దక్కినట్టయింది.

అది శుక్రవారం. సోమవారం పైఆఫీసునుంచి పెద్దలు వస్తారు, తల్లిదండ్రులు వస్తారు, గోడ మీద తెర తీస్తారు. రంగు ఆరేలోపు దుమ్ము పడుతుందని హెడ్మిస్ట్రెస్ తనే గుడ్డ కట్టించింది. ఎంత శ్రద్ధో అని టీచరమ్మ మురిసిపోయింది.

ఆదివారం సాయంత్రం పుట్టింటికి వెళితే తమ్ముడు చేతులకి కిరసనాయిలు రాసుకుని రంగు కడుక్కుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఏరా, పని దొరికిందా?"

"దొరికిందక్కా. ఎన్నాళ్ళకో గోడ మీద చెయ్యి పెట్టా. రేపు నీకే తెలుస్తుందిలే."

రేపు తెలియడమేమిటో ఆవిడ అడగలేదు. తమ్ముడి మొహంలో నవ్వు చూసి చాలాకాలమైంది, ఆ నవ్వు చాలనుకుంది. ఇంటికొచ్చి భర్తతో, "వాడికి మంచి రోజులొచ్చాయి" అని కూడా చెప్పింది.

సోమవారం వరండా కిటకిటలాడింది. పిల్లలు తలలు దువ్వుకుని, గోడకెదురుగా వరసలో నిలబడ్డారు. నేలచూపు తల్లి బట్టలషాపులో పనిచేసే మనిషి, సెలవు పెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని, తల ఎత్తి నిలబడింది. పైఆఫీసు పెద్దాయన తాడు లాగాడు. గుడ్డ జారింది.

చప్పట్లు మోగాయి. పెద్దవాళ్ళవి. పిల్లల్లో ఒక్కరూ చేతులు కలపలేదు.

గోడ మీద సినిమా పోస్టరుంది. మొహాలన్నీ నున్నగా, గులాబీ రంగులో, ముక్కులన్నీ ఒకే అచ్చులో పోసినట్టు. లారీ చెవులు చిన్నవయ్యాయి, పన్ను మొలిచింది. నేలచూపు కన్ను నిటారుగా, చక్కగా, ఎదురుగా చూస్తోంది. ఆ కంట్లో, నల్లగుడ్డుకి ఎడమ పైభాగాన, కొంచెం ఏటవాలుగా, నువ్వుగింజంత తెల్లచుక్క.

టీచరమ్మ ఎవరు చేశారో ఇంక ఎవర్నీ అడగక్కరలేదు. తన పిడికిట్లో పట్టుకుని నేర్పిన చుక్క అది. జనం మీదుగా చూస్తే చివర, ఇస్త్రీ చొక్కా వేసుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు. ఎలా ఉందన్నట్టు గడ్డం ఎగరేశాడు.

అప్పుడే నేలచూపు తల్లి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "నా బిడ్డ కన్ను ఎంత బాగా చేశారమ్మా! నిజంగా ఇలాగే ఉంటే ఎంత బాగుండేదో. మీ చేతిలో ఏదో ఉందమ్మా" అంటూ ఆ చేతుల్ని కళ్ళకద్దుకుంది. పక్కనే పిల్ల ఉంది. అంతా వింది. గోడవైపు చూసింది, టీచరు చేతులవైపు చూసింది, మెల్లగా తల దించుకుంది.

"నేను కాదమ్మా" అనబోయింది ఆవిడ. ఇంతలో మైకులో హెడ్మిస్ట్రెస్ గొంతు. "దీనికంతటికీ కారకురాలైన మా డ్రాయింగు టీచరుగారు రెండు మాటలు చెబుతారు."

మైకు దాకా నడిచింది. పిల్లలందరూ ఆవిడనే చూస్తున్నారు. ఒక్క మాట చాలు. ఇవి నా పిల్లల బొమ్మలు కావు, ఎవరో పాడుచేశారు అంటే చాలు. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఎవరు పాడుచేశారని అడుగుతారు కదా. ఇంతమందిలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని నవ్వుతున్నవాడివైపు వేలు చూపించాలి కదా. స్టేజి మీద కప్పు పట్టుకుని నిలబడిన ఆ పిల్లే మళ్ళీ ఆవిడలోంచి లేచి వచ్చింది. "అందరికీ ధన్యవాదాలు" అని, వచ్చి కుర్చీలో కూర్చుంది.

జనం వెళ్ళాక ఆఫీసు గదిలోకి వెళ్ళి తలుపేసింది. "నాకు మాటిచ్చావు" అంది.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇచ్చానులేవే. పైవాళ్ళొస్తున్నారు. చూస్తే మొహాలన్నీ వంకర్లు. అచ్చం పిల్లలు వేసినట్టున్నాయి" అంది.

"పిల్లలు వేసినవే కదా!"

"అదేలే. ఇప్పుడు ఎంత బాగున్నాయో చూడు. నీకే పేరొచ్చింది. నీ తమ్ముణ్ణే పిలిచాను, పరాయివాణ్ణి కూడా కాదు."

కంచే చేను మేసిందని నలుగురూ అంటుంటే వినడమే కాని, తను కట్టుకున్న కంచెలు రెండూ కూడబలుక్కుని మేస్తాయని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ఆ రోజు నుంచి ఆ బల్ల మీద రెండు క్యారేజీలు కలిసి విప్పలేదు.

తమ్ముడు షాపులోనే ఉన్నాడు. ఆవిడని చూసి స్టూలు తుడిచి వేశాడు. "ఎలా ఉందక్కా? నాన్న చుక్క చూశావా?"

"చూశాను. ఎందుకు చేశావురా?"

"అదేంటి? ఆ మేడమ్‌గారు పిలిచి చూపించారు. చూస్తే నాకే సిగ్గేసింది. మా అక్క పిల్లలు ఇలా వేశారంటే నలుగురూ నిన్ను ఏమనుకుంటారు? నీ పరువు కోసం రెండు రోజులు తిండి కూడా తినలేదు."

"నీకు తెలుసు కదరా. కప్పు సంగతి నీకొక్కడికే చెప్పాను. అమ్మ వేళ్ళ సంగతి."

వాడు నిజంగానే ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఏ కప్పక్కా?"

లోపల అలమారలో కప్పు మెరుస్తోంది. వాడు అటు చూసి, గుర్తొచ్చి, నవ్వేశాడు. "ఓ, అదా! ఎప్పటి సంగతి, అప్పుడు నేను చంటిపిల్లాణ్ణి. అయినా కప్పు నీకే వచ్చింది కదా, నీకొచ్చిన నష్టమేంటి?"

వాడికి కోపం లేదు, కల్లాకపటం లేదు. అదే ఆవిడ గుండెలో దిగబడింది. ద్రోహం చేద్దామని చేసినవాణ్ణి తిట్టుకోవచ్చు, శాపనార్థాలు పెట్టుకోవచ్చు. ఇన్నేళ్ళు తను ప్రాణంగా దాచిపెట్టమని ఇచ్చిన మాటని, ఎక్కడో పారేసుకున్నానని కూడా తెలియకుండా పారేసుకున్నవాణ్ణి ఏం చెయ్యాలి? పైగా అక్క పనికి సిగ్గుపడ్డాడు. తను ఏడాదంతా చేసిన పని వాడి కంటికి సిగ్గుపడాల్సిన పనిలా కనిపించింది.

"ఆ మెల్లకన్ను పిల్ల ఉంది చూడు, దానికి బాగా కష్టపడ్డానక్కా" అన్నాడు వాడు, ఇంకా మెప్పు కోసం చూస్తూ.

ఆవిడ లేచి వచ్చేసింది. వస్తూ వస్తూ, ఎందుకో తనకే తెలియదు, బల్ల మీదున్న టర్పెంటైన్ సీసా ఒకటి సంచిలో వేసుకుంది.

మర్నాడు డ్రాయింగు పీరియడుకి పిల్లలు వచ్చారు. ఆవిడ గుమ్మంలో నిలబడలేదు, డబ్బా ముందుకు చాపలేదు. బల్ల వెనక కూర్చుంది. వాళ్ళు కూర్చోకుండా వరసగా నిలబడ్డారు. ముందు లారీ ఉన్నాడు.

"టీచర్, నా రబ్బరు నాకిచ్చెయ్యండి."

ఆవిడ తల ఎత్తింది. "నేను చెయ్యలేదురా. నామీద ఒట్టు."

"మరి మైకులో ఎందుకు చెప్పలేదు టీచర్?"

ఆవిడ డబ్బా మూత తీసింది. మారు మాట్లాడకుండా ఇచ్చేస్తానన్న మాటైనా నిలబెట్టుకోవాలి కదా. వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, గుర్తు చూసుకుని, ఎవరిది వాళ్ళు ఏరుకున్నారు. ఎవరూ ఆవిడ మొహంలోకి చూడలేదు. కోప్పడినా బాగుండుననిపించింది. పెద్దవాళ్ళు ఎప్పుడూ చేసేదే ఈవిడా చేసిందన్నట్టు, అలవాటైన పనిలా తీసుకుని వెళ్ళి కూర్చున్నారు. చివర నేలచూపు వచ్చింది. కొస కొరికిన రబ్బరుముక్క తీసుకుని, తన బెంచీకి పోకుండా గదిలోంచి బయటికి నడిచింది.

ఆవిడ వెనకే వెళ్ళింది. ఆ పిల్ల వరండాలో స్టూలు వేసుకుని, గోడ మీద ఆ చక్కటి కన్నుని రబ్బరుతో రుద్దుతోంది. ఆయిలు రంగు, రబ్బరుకి లొంగుతుందా? రబ్బరే అరిగి, పొట్టు రాలి నేల మీద పడుతోంది. ఆ పిల్ల ఆపడం లేదు.

"మా తమ్ముడు చేశాడమ్మా" అంది టీచరమ్మ. ఎవరికీ చెప్పలేని మాట ఆ పిల్ల వీపుకి చెప్పింది. "వాడి పేరు బయటపెట్టలేక మిమ్మల్ని వదిలేశాను."

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ రుద్దడం మొదలుపెట్టింది.

ఆవిడ గదిలోకి పరిగెత్తి, సంచిలోంచి సీసా తీసి, గుడ్డపేలిక తడిపి తెచ్చింది. "ఇది దీనితో పోతుంది. ఆయిలు రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు. కింద నువ్వు వేసింది నీళ్ళరంగు, దాన్ని ఇదేం చెయ్యదు. ఉండు, నేను తుడుస్తాను" అంటూ చెయ్యి గోడ దాకా చాపింది.

"ముట్టుకోకండి టీచర్."

ఆ గొంతు పెద్దది కాదు. కాని ఏడాది కిందట ఆ పిల్లకి ఆ గొంతు లేదు. చాపిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"అది నా మొహం. గుడ్డ అక్కడ పెట్టండి."

ఆవిడ గుడ్డ స్టూలు అంచున పెట్టింది. రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. పిల్ల తుడవడం మొదలుపెట్టింది. ముందు తెల్లచుక్క చెరిగింది. తర్వాత గులాబీరంగు, నున్నటి రెప్ప, నిటారైన నల్లగుడ్డు, అన్నీ చారలు చారలుగా కిందికి కారాయి. వాటి కిందనుంచి కొంచెం మసకబారి, కొంచెం గీతలుపడి, ఆ కన్ను మెల్లమెల్లగా పైకి వచ్చింది. మూలకి జరిగిన నల్లగుడ్డు, బోసిగా మిగిలిన తెలుపు. గదిలో పిల్లలు ఒక్కొక్కరే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

పిల్ల స్టూలు దిగింది. గుడ్డ లారీకి అందించింది. తర్వాత తిరిగి, టీచరు మొహంలోకి సూటిగా చూసింది. తల దించుకోలేదు. రెప్ప వెయ్యలేదు. ఆ కన్ను అలా చూడాలనే ఏడాదంతా ఎదురుచూసిన మనిషి, ఆ చూపుకి ఒక్క క్షణం నిలబడింది.

తర్వాత తనే నేలవైపు చూసింది. గచ్చు పగుళ్ళలో రబ్బరు పొట్టు పడి ఉంది.